బండ్లు తిరిగే రోడ్డు నుంచి కరెంటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వాహనాల రాకపోకల నుంచి విద్యుత్తు తీయడం గురించి వచ్చిన ఉత్తరాలు ఒకటికి నాలుగు కావడంతో ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయించాము. రాసినవారి పేర్లు తీసివేసి ఊర్లు మాత్రమే ఉంచాము.

ప్రశ్న: అయ్యా, నేను నందిగామ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా తొమ్మిదో తరగతి పిల్లలు స్పీడ్ బ్రేకర్ నమూనా ఒకటి తయారు చేశారు. బొమ్మ లారీ దాని మీదుగా వెళ్లినప్పుడల్లా కింద ఉన్న పళ్ల కడ్డీ దిగి, పళ్ల చక్రం తిరిగి, డైనమో పనిచేసి ఎల్‌ఈడీ దీపం వెలుగుతుంది. వైజ్ఞానిక ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్నారు. "హైదరాబాద్–విజయవాడ హైవే మీద రోజూ ఇన్ని వేల బండ్లు పోతున్నాయి కదా సార్, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర ఇవి ఎందుకు పెట్టరు?" అని పిల్లలు అడుగుతున్నారు. వారికి ఏమని చెప్పాలి? (నందిగామ)

జవాబు: మీ పిల్లల నమూనాలో దోషమేమీ లేదు. అది నిజంగానే కరెంటు ఇస్తుంది. ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఇదే పరికరం పెద్ద సైజులో తయారవుతూనే ఉంటుంది. దాని పక్కన ఉండవలసి, లేనిదల్లా ఒక లెక్క. తొమ్మిదో తరగతి పాఠంతోనే అది తేలిపోతుంది కనుక పిల్లల చేతనే నల్లబల్ల మీద వేయించండి.

టన్ను బరువున్న కారు పది సెంటీమీటర్ల ఎత్తున్న స్పీడ్ బ్రేకర్ ఎక్కిందనీ, ఆ బరువుకు స్పీడ్ బ్రేకర్ పూర్తిగా నేలమట్టానికి దిగిందనీ అనుకుందాం. గుండ్రని స్పీడ్ బ్రేకర్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెప్పే ఎత్తు కూడా ఇంతే. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ ఎత్తుతోనూ గుణిస్తే, అంటే 1000ని 9.8తో, ఆపైన 0.1తో గుణిస్తే, వచ్చేది 980 జౌళ్లు. ముందు చక్రాలు సగం బరువుతో ఒకసారి, వెనుక చక్రాలు మిగతా సగంతో మరొకసారి నొక్కుతాయి కాబట్టి ఈ మొత్తం మారదు. మన ఇంటి మీటరు చూపించే ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. ఏమాత్రం నష్టం లేని యంత్రం ఉందనుకున్నా, ఒక్క యూనిట్ కోసం దాదాపు 3,700 కార్లు దాని మీదుగా పోవాలి. ఇక పళ్ల కడ్డీ, గేర్లు, ఫ్లైవీల్, డైనమో, బ్యాటరీ తలా కొంత మింగుతాయి. చివరికి సగం మిగిలిందంటే అది ఉదారంగా వేసిన అంచనాయే. అలా చూస్తే యూనిట్‌కు సుమారు 7,300 కార్లు కావాలి. రోజుకు పది వేల కార్లు తిరిగే దారిలో ఆ యంత్రం రాత్రింబవళ్లు పనిచేసినా ఒకటిన్నర యూనిట్ రాదు. ఒకటిన్నర టన్నుల ఏసీ దాన్ని గంటలో ఖర్చు చేస్తుంది. లారీల సంగతి కొంత మెరుగు. పాతిక టన్నుల లారీ 24,500 జౌళ్లు ఇస్తుంది కనుక నష్టాలు పోగా 300 లారీలకు ఒక యూనిట్ చొప్పున, వెయ్యి లారీలకు మూడు యూనిట్ల పైచిలుకు వస్తుంది.

ప్రదర్శనకు వచ్చినవారిని పొరపాటు పడనిచ్చేది ఆ చిన్న దీపమే. ఎల్‌ఈడీ వెలగడానికి వాటులో ఇరవయ్యో వంతు సరిపోతుంది. దీపం వెలిగింది కాబట్టి ఊరు కూడా వెలుగుతుందని మనసు తొందరపడుతుంది. వెలిగిందా లేదా అన్నది అక్కడ అడగవలసిన ప్రశ్న కాదు. ఎంతసేపు, ఎన్ని వాట్లు అన్నది అడగాలి. చవకైన మల్టీమీటరు ఒకటి పిల్లల చేతికిచ్చి వోల్టేజీ, కరెంటు కొలిపించండి.

లెక్కలో రెండో సగం కూడా ఉంది, అసలు విషయం అక్కడే ఉంది. ఆ 980 జౌళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? కారు పది సెంటీమీటర్లు ఎక్కింది, మామూలుగా అయితే అవతలి వాలులో దిగుతూ ఆ శక్తిలో కొంత తిరిగి పొందేది. ఇక్కడ స్పీడ్ బ్రేకరే కిందికి దిగిపోయింది కాబట్టి ఏమీ తిరిగి రాలేదు, ఆ లోటును ఇంజను పూడ్చుకోవాలి. లీటరు పెట్రోలులో వేడి రూపంలో తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది, అందులో చక్రాల దాకా చేరేది సుమారు నాలుగో వంతు, మన యంత్రం దానిలో సగమే కరెంటుగా మారుస్తుంది. వెరసి, లీటరు పెట్రోలుకు ఒక యూనిట్ చిల్లర. ఏడెనిమిది రూపాయలకు దొరికే యూనిట్‌ను వంద రూపాయల పెట్రోలుతో తయారు చేస్తున్నామన్నమాట. కరెంటు పోయినప్పుడు కల్యాణమండపాల్లో నడిపే డీజిల్ జనరేటర్ కూడా లీటరుకు మూడు యూనిట్లకు అటూ ఇటూగా ఇస్తుంది. పొగ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఇక్కడ పొగ వచ్చేది వేరొకరి గొట్టం నుంచి కాబట్టి మనకు కనబడదు.

"టోల్‌గేటు దగ్గర బండి ఎలాగూ బ్రేకు వేస్తుంది కదా, వృథాగా పోయే శక్తినే కదా మనం పట్టుకునేది?" అని చురుకైన పిల్లవాడు ఎవరైనా అడుగుతాడు, అడగాలి కూడా. ఈ ఆలోచన మొత్తంలో న్యాయమైన వాదన అదొక్కటే. ఆగబోతున్న బండి నుంచి తీసుకున్నది దొంగతనం కాదు. అయితే గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తున్న టన్ను కారులో 50,000 జౌళ్ల గతిజశక్తి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ పట్టుకోగలిగింది వెయ్యికి లోపు. యాభైలో ఒక వంతు చిక్కుతుంది, మిగతా నలభై తొమ్మిది వంతులు ఎప్పటిలాగే బ్రేకుల్లో వేడిగా పోతాయి. పైగా 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో టోల్‌గేట్ల దగ్గర బండ్లు ఆగకుండా పోవాలన్నదే ప్రయత్నం. ఆగే బండ్ల మీద బతికే యంత్రానికి అక్కడ భవిష్యత్తు లేదు. జాతీయ రహదారుల మీద స్పీడ్ బ్రేకర్లు ఉండరాదనీ, ఉన్నవాటిని తొలగించాలనీ కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2016లోనే ఆదేశించింది. వర్షాకాలంలో బురద నీళ్లు నిండే గుంటలో గేర్లు ఎన్నాళ్లు తిరుగుతాయి, కదిలే ఇనుప పలక మీద తడిసిన ద్విచక్ర వాహనం జారితే బాధ్యులెవరు అన్న ప్రశ్నల దాకా వెళ్లవలసిన అవసరమే రాదు.

నమూనాను మాత్రం పారేయవద్దు. పక్కన ఈ లెక్క అట్టను కూడా నిలబెడితే, వచ్చే ఏడాది ప్రదర్శనలో అదే మంచి నమూనా అవుతుంది.

ప్రశ్న: నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. తారు పొర కింద పీజో ఎలక్ట్రిక్ పలకలు (నొక్కితే కరెంటు పుట్టించే స్ఫటికాల పలకలు) పరిస్తే బండి ఎక్కవలసిన మిట్ట ఏదీ ఉండదు, కాబట్టి ఇంధనం అదనంగా ఖర్చు కాదు కదా? ఇజ్రాయెల్‌లో కిలోమీటరుకు గంటకు 200 యూనిట్లు తీశారని చదివాను. (వరంగల్)

జవాబు: మొదట చదివిన వార్త సంగతి. ఇన్నోవాటెక్ అనే ఇజ్రాయెల్ సంస్థ 2009లో, టెక్నియాన్ విశ్వవిద్యాలయ సహకారంతో, హదేరా పట్టణం దగ్గర నాలుగో నంబరు రహదారిలో ఈ పలకలను అమర్చి పరీక్షించిన మాట నిజం. అక్కడ పరిచిన పొడవు పది మీటర్లు. గంటకు 200 యూనిట్లన్నది ఆ రోడ్డు మీద మీటరు పెట్టి కొలిచిన సంఖ్య కాదు. ఒక లేనులో కిలోమీటరు పొడవునా పరిస్తే అంత వస్తుందని సంస్థ ప్రకటించిన అంచనా. పది మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా ఆ పని సాగలేదు.

ఎందుకు సాగలేదో లెక్క వేసి చూడవచ్చు. సమతలం మీద బండి దొర్లడానికి పడే నిరోధాన్నే మన పుస్తకాల్లో దొర్లుడు ఘర్షణ అంటారు. కారుకు అది బరువులో సుమారు నూరో వంతు. టన్ను కారు కిలోమీటరు నడిస్తే ఆ ఘర్షణ కింద ఖర్చయ్యేది 98,000 జౌళ్లు, యూనిట్లలో 0.027. గంటకు 600 కార్లు పోతే మొత్తం 16 యూనిట్లు. అంటే కార్లు ఆ కిలోమీటరులో దొర్లడానికి పెట్టిన శక్తినంతటినీ పిండుకున్నా 16 యూనిట్లే ఉంటే, 200 ఎక్కడి నుంచి వస్తాయి? 600 బండ్లూ పాతిక టన్నుల లారీలే అనుకుని, లారీ టైర్లకు ఘర్షణ తక్కువ కనుక 0.007 చొప్పున లెక్క వేస్తే 286 యూనిట్లు తేలుతాయి. అందులో 200 యూనిట్లను పలకలు పట్టుకోవాలంటే దొర్లుడు ఘర్షణలో 70 శాతం రోడ్డులో జరుగుతూ ఉండాలి. నిజానికి ఆ నష్టంలో చాలా భాగం జరిగేది టైరు రబ్బరులో. నేలను తాకే చోట రబ్బరు నొక్కుకుపోయి, వదిలినప్పుడు పూర్తిగా తేరుకోకపోవడం వల్ల అది వేడిగా మారిపోతుంది. తారు పొరలో జరిగేది కొసరు.

మీ ప్రశ్నలో ఒక సూక్ష్మం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. చక్రం కింద రోడ్డు ఎంతో కొంత వంగుతుంది, ఆ వంపులో కొంత శక్తి ఇప్పటికే పోతోంది. పలక ఆ పోతున్న భాగాన్ని మాత్రమే పట్టుకుని, రోడ్డును అంతకంటే మెత్తబరచకుండా ఉంటే డ్రైవరుకు నష్టం లేదు. అయితే మంచి రోడ్డు మిల్లీమీటరులో కొద్ది భాగం వంగితే ఎక్కువ. బలం ఎంత పెద్దదైనా, కదలిక అంత చిన్నదైనప్పుడు పని చిన్నదే. ఎక్కువ కరెంటు కావాలంటే రోడ్డు ఎక్కువగా దిగాలి, రోడ్డు దిగితే బండి ఎప్పుడూ ఎగువకు పోతున్నట్టే ఉంటుంది, ఆ భారం ఇంధనం మీదే పడుతుంది.

పియేర్ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు 1880లో క్వార్ట్జ్ వంటి స్ఫటికాల్లో, నొక్కితే కరెంటు పుట్టే ఈ ధర్మాన్ని కనిపెట్టారు. మన వంటింటి గ్యాస్ లైటరులో ఉన్నది ఇదే. చిన్న సుత్తి స్ఫటికాన్ని కొట్టగానే వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ దూకుతుంది. అన్ని వోల్టులున్నా శక్తి మాత్రం అత్యల్పం, అందుకే చేతికి తగిలితే చురుక్కుమని ఊరుకుంటుంది. రోడ్డు పరీక్షల్లో సాధారణంగా వాడే పీజెడ్‌టీ పింగాణీలో సీసం ఉంటుంది, అది పెళుసు, ఖరీదు. బీటీ రోడ్డు పై పొరను కొన్నేళ్లకోసారి గీకి మళ్లీ వేస్తారు కనుక పలకలు, వాటి తీగలు ఆ పనికి అడ్డం. కాలిఫోర్నియా ఎనర్జీ కమిషన్ 2017లో 20 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి రెండు బృందాలతో పరిశోధన చేయించింది. ప్రభుత్వ డబ్బుతో ఒకసారి జాగ్రత్తగా కొలిపించి చూడడం మంచి పనే. మీరు ప్రాజెక్టుకు ఈ విషయమే ఎంచుకోదలిస్తే, పలక ఎన్ని వోల్టులు ఇచ్చిందన్నది కాక, ఒక్కో చక్రానికి ఎన్ని మిల్లీజౌళ్లు బ్యాటరీలోకి చేరాయన్నది రాయండి.

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాము. ఇక్కడ గ్లాస్టర్‌లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ తన పార్కింగులో కార్లు తొక్కే పలకలు వేసి, వాటి కరెంటుతో బిల్లింగ్ కౌంటర్లు నడుపుతుందని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. అది కొనుగోలుదారుల పెట్రోలును వాడుకోవడం కాదా? (లండన్)

జవాబు: మీరు చెబుతున్నది సెయిన్స్‌బరీస్ సంస్థ 2009లో వేసిన పలకల గురించి. గంటకు 30 యూనిట్లు వస్తాయని ప్రకటించారు, కార్లకు గాని ఇంధన ఖర్చుకు గాని తేడా ఉండదన్న ప్రచారమూ జరిగింది. అదే ఏడాది అమెరికాలో న్యూజెర్సీలోని హిల్‌సైడ్‌లో ఒక బర్గర్ కింగ్ దుకాణం దగ్గర కూడా ఇటువంటి పలకను పరీక్షించారు.

ముప్పై యూనిట్లంటే 10 కోట్ల 80 లక్షల జౌళ్లు. ఒకటిన్నర టన్నుల కారు పది సెంటీమీటర్ల మేర పలకను దించినా ఇచ్చేది 1,470 జౌళ్లు కనుక, గంటలో 73 వేల సార్లు కార్లు పలకను దించాలి. ఒకే దారిలో పది పలకలు వరుసగా పెట్టినా గంటకు ఏడు వేలకు పైగా కార్లు రావాలి. అన్ని కార్లు వచ్చే దుకాణం యజమాని కరెంటు బిల్లు గురించి దిగులు పడడు.

మీ రెండో మాట న్యాయమైనదే. కారు వేగం తగ్గించవలసిన మలుపులోనో దిగుడులోనో పలక ఉంటే బ్రేకుకు పోయే శక్తిలో పిసరంత అది తీసుకుంటుంది, అభ్యంతరం లేదు. సమతలం మీద నెమ్మదిగా పోతున్న కారు కింద పెడితే మాత్రం, అద్దెకున్నవారి మీటరు నుంచి వైరు లాగి ఇంటి యజమాని తన గుమ్మంలో దీపం వెలిగించుకున్నట్టే. ఒక్కో కారుకు జరిగే నష్టం పైసల్లో లెక్కించవలసినది కాబట్టి ఎవరూ గమనించరు, ఫిర్యాదూ చేయరు.

ప్రశ్న: నేను తిరుమల ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సు నడుపుతాను. కొండ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే బ్యాటరీ శాతం పెరుగుతుంటుంది. రోడ్డు మీద నడుస్తూ కరెంటు పుట్టించడమంటే ఇదే కదండీ? (తిరుపతి)

జవాబు: ఇదేనండీ. ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నిజంగా పనిచేస్తున్న యంత్రం ఉన్నది మీ ఉత్తరంలోనే.

ఏపీఎస్‌ఆర్టీసీ 2022 సెప్టెంబరులో తిరుపతి–తిరుమల మధ్య ఈ బస్సులను ప్రారంభించింది. వాటిలో చక్రాలను తిప్పే మోటారే, మీరు పాదం తీసినప్పుడు జనరేటరుగా మారుతుంది. చక్రాలు మోటారును తిప్పుతాయి, పుట్టిన కరెంటు బ్యాటరీకి పోతుంది, ఆ లాగుడుకే బస్సు వేగం అదుపులో ఉంటుంది. డీజిల్ బస్సు అయితే ఆ శక్తి అంతా ఇంజను బ్రేకింగులోను, చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చే బ్రేకు లైనింగుల్లోను పోతుంది. అందుకే ఘాట్ బండ్లకు లైనింగులు తొందరగా అరుగుతాయి.

దీని పరిమాణం ఎంతో చూద్దాం. ప్రయాణికులతో కలిపి బస్సు 12 టన్నులు ఉందనుకుందాం. తిరుపతికి, తిరుమలకు ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. స్థితిజశక్తి 8 కోట్ల 20 లక్షల జౌళ్లు, అంటే దాదాపు 23 యూనిట్లు. పద్దెనిమిది కిలోమీటర్ల దిగుడులో దొర్లుడు ఘర్షణకు నాలుగైదు యూనిట్లు పోతాయి, గాలి నిరోధానికి కొంత, మోటారులోను బ్యాటరీలోను ఇంకొంత. ఇవన్నీ తీసేసినా పది యూనిట్ల పైన బ్యాటరీకి తిరిగి చేరగలవు. నందిగామ మాస్టారి లెక్కలోని స్పీడ్ బ్రేకర్ పది యూనిట్లు ఇవ్వాలంటే 73 వేల కార్లు పోవాలి. మీరు ఒక్క దిగుడులో ఒక్క బస్సుతో తెస్తున్నారు. రోడ్డును తవ్వలేదు, రోడ్డు కింద తీగ వేయలేదు, ఎవరి ఇంధనాన్నీ అడగలేదు. ఎక్కేటప్పుడు మీ బస్సు వాడుకున్న 30 యూనిట్లకు పైబడిన ఖర్చులోనే మూడో వంతు తిరిగి వస్తోంది. కనుక ఇది లాభం అనడం కంటే పోకుండా ఆపుకున్న నష్టం అనడం సరైనది.

ఒక్క జాగ్రత్త. బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే అది కొత్త కరెంటును తీసుకోలేదు, అప్పుడు మోటారు బ్రేకింగు బలహీనపడి మామూలు బ్రేకుల మీద భారం పడుతుంది. కొండ మీద నూరు శాతం ఛార్జి చేసి కిందికి బయలుదేరడం అందుకే మంచిది కాదు.

దిగేటప్పుడే బరువు ఎక్కువగా ఉండే బండి అయితే లెక్క మరో విధంగా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో బీల్ పట్టణం దగ్గర ఒక సిమెంటు కర్మాగారపు క్వారీలో ఈ-డంపర్ అనే భారీ ఎలక్ట్రిక్ టిప్పర్ నడుస్తుంది. ఖాళీగా 45 టన్నుల బరువుతో కొండ ఎక్కి, 65 టన్నుల రాయి నింపుకుని దిగుతుంది. దిగేటప్పుడు వచ్చే కరెంటు మళ్లీ ఎక్కడానికి కావలసిన దానికంటే ఎక్కువ. వినడానికి వింతగా ఉన్నా ఇందులో మాయ లేదు. కొండ మీది రాయి కిందికి వస్తోంది, ఆ ఎత్తులోని శక్తే కరెంటవుతోంది. ఆ లారీకి ఇంధనం రాయే. కొండలు ఎక్కి భక్తులను తీసుకువెళ్లి, భక్తులతోనే తిరిగి వచ్చే మీ బస్సుకు ఆ సౌకర్యం లేదు.

ప్రశ్న: డెట్రాయిట్‌లో "కరెంటు రోడ్డు" వేశారని మా బంధువులు చెప్పారు. అది కూడా వాహనాల నుంచి కరెంటు తీసేదేనా? (ట్రాయ్, మిషిగన్)

జవాబు: కాదు, సరిగ్గా తలకిందులు. 2023 నవంబరులో డెట్రాయిట్ 14వ వీధిలో సుమారు 400 మీటర్ల మేర రోడ్డు కింద రాగి చుట్టలు అమర్చారు. పైన పోయే ఎలక్ట్రిక్ బండిలో తగిన రిసీవర్ ఉంటే, తీగ తగలకుండానే రోడ్డు నుంచి బండికి కరెంటు అందుతుంది. రోడ్డు అక్కడ ఇచ్చేదే గాని పుచ్చుకునేది కాదు.

ప్రశ్న: హైవే డివైడర్ మీద నిలువు గాలిమరలు పెట్టి, బస్సులు పోయినప్పుడు లేచే గాలితో తిప్పవచ్చు కదా? (సూర్యాపేట)

జవాబు: ఇస్తాంబుల్‌లో ఎన్‌లిల్ అనే పేరుతో ఇటువంటి మరలను బస్సుల దారి పక్కన పెట్టి చూశారు. స్పీడ్ బ్రేకర్‌తో పోలిస్తే ఇందులో దోషం తక్కువ, ఎందుకంటే బండి వెనుక సుడులు తిరిగే గాలి ఎలాగూ వృథాయే. చిక్కు ఏమిటంటే గాలిలోని శక్తి వేగం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సెకనుకు 3 మీటర్ల గాలిలో చదరపు మీటరుకు 16 వాట్లు మాత్రమే ఉంటాయి, చిన్న మర అందులో మూడో వంతు పట్టుకుంటే గొప్ప. అదీ బస్సు పోయిన ఆ రెండు మూడు సెకన్లు. డివైడర్ మీద మర స్తంభానికి ఒక సౌర ఫలకం కట్టినట్టు చూపించే చిత్రాల్లో చాలామటుకు పని చేసేది ఆ ఫలకమే.

ప్రశ్న: అయితే రోడ్డునే సౌర ఫలకాలతో పరిస్తే సరిపోదా? అంత ఎండ రోడ్డు మీద వృథాగా పడుతోంది. (కరీంనగర్)

జవాబు: ఎండలో శక్తి ఉంది, అనుమానం లేదు. దాన్ని చక్రాల కింద పెట్టడంలోనే తెలివితక్కువతనం ఉంది. ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతపు టురూవ్ర్ గ్రామం దగ్గర 2016 డిసెంబరులో కిలోమీటరు పొడవున, 2,800 చదరపు మీటర్ల ఫలకాలు రోడ్డు మీదే అతికించారు. ఖర్చు 50 లక్షల యూరోలు. ఏడాదికి సుమారు లక్షన్నర యూనిట్లు ఆశించగా 2018లో 80 వేలకు లోపు, 2019లో జులై చివరి దాకా 40 వేలకు లోపు వచ్చాయి. బల్లపరుపుగా పడుకోబెట్టిన ఫలకానికి సూర్యుడు వాలుగా తగులుతాడు, చెట్ల ఆకులు రాలి కప్పేస్తాయి, ట్రాక్టర్ల చక్రాలకు అంచులు లేచిపోతాయి. చప్పుడు భరించలేక అక్కడ వేగాన్ని గంటకు 70 కిలోమీటర్లకు తగ్గించవలసి వచ్చింది. చైనాలో జినాన్ నగరం దగ్గర 2017 డిసెంబరులో ఇటువంటి రహదారి తెరిచిన కొద్ది రోజులకే ఒక ఫలకాన్ని ఎవరో ఊడదీసుకుపోయారని అప్పట్లో వార్తలు వచ్చాయి.

మన దగ్గర దీనికి మంచి సమాధానం ఒకటి ఇప్పటికే ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ దారికి ఫలకాలనే పైకప్పుగా వేశారు. సామర్థ్యం 16 మెగావాట్లు. మన ఎండలో మెగావాటుకు రోజుకు సుమారు 4,000 యూనిట్లు వస్తాయన్న లెక్కన 60 వేల పైన. కింద సైకిలు తొక్కేవారికి నీడ, పైన ఫలకానికి గాలి, దాని మీద చక్రం పడే ప్రసక్తే లేదు. రోడ్డు పక్కన, రోడ్డు పైన స్థలం ఉండగా రోడ్డు కిందికి పోవడం ఎందుకో మాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ప్రశ్న: పీజో పలకలను రోడ్డులో పెట్టడం పూర్తిగా పనికిమాలిన పనేనా? (విశాఖపట్నం)

జవాబు: కరెంటు కోసమైతే అవును. కొలత కోసమైతే అంతకంటే పనికివచ్చే వస్తువు లేదు. స్ఫటికం మీద పడిన బలం ఎంతో, పుట్టే విద్యుదావేశం అంత అనుపాతంలో ఉంటుంది. అందుకే క్వార్ట్జ్ సెన్సార్లను సన్నని పట్టీలుగా చేసి రోడ్డుకు అడ్డంగా గాడి తీసి బిగిస్తారు. లారీ ఆగకుండా పోతూనే ఒక్కో ఇరుసు మీద ఎంత బరువుందో తెలిసిపోతుంది, రెండు పట్టీలుంటే వేగం కూడా తెలుస్తుంది. టోల్‌గేట్ల దగ్గర కదులుతున్న బండిని తూచే యంత్రాల్లో ఒక రకం ఇదే. ఆ పట్టీ ఇచ్చే ఆవేశం ఒక దీపాన్ని కూడా వెలిగించదు, దాన్ని చదివే పెట్టెకు బయటి కరెంటు కావాలి. అమెరికాలోని ఇల్లినాయిలో 1958–60 మధ్య జరిపిన రోడ్డు పరీక్షలో ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతంలో రోడ్డుకు నష్టం పెరుగుతుందని తేలింది. ఆ లెక్కన ఇరుసు మీద రెండింతల బరువు పడేలా నింపిన ఇసుక లారీ రోడ్డును పదహారు రెట్లు పాడు చేస్తుంది. అటువంటి లారీని ఒకదాన్ని ఆపి బరువు దింపించగలిగితే మిగిలే తారు, కంకర విలువ, ఆ పట్టీ నుంచి ఏళ్ల తరబడి పిండగలిగిన కరెంటు విలువ కంటే చాలా ఎక్కువ.